వంక అవతలి దేశం

ఎర్రగుడ్డం జయన్న అబద్ధమాడే మనిషి కాడు. సంతలో ఎద్దును అమ్మేటప్పుడు కూడా దాని కాలి కుంటును తానే ముందుగా చూపిస్తాడు. అందుకే ఆయన ఎద్దులు సాయంత్రానికి మళ్లీ ఆయన వెంటే ఇంటికి వస్తాయి. అలాంటి మనిషి, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ఎవరైనా ఊళ్లోకి వచ్చి "మీ ఊరి నుంచి వలస పోయేవాళ్లు ఎంతమందప్పా" అని అడిగితే మాత్రం కన్నార్పకుండా చెప్తాడు, ఒక్కరు కూడా పోరని. చెప్పేవాడు ఎవరు? ఏటేటా ఊరిని ఊరంతా లారీ ఎక్కించి గుంటూరు మిరప చేలకు తోలుకుపోయే మేస్త్రి.

దీంట్లో జయన్న తప్పేమీ లేదు. హాలహర్వి మండలంలో కర్ణాటక పొలిమేరకు ఆనుకుని ఉన్న ఆ ఊళ్లలో వాన దేవుడి దయ, కూలి గుంటూరు దయ. పత్తి తీత అయిపోయి చలి ముదిరేసరికి ఇంటి తలుపుకు ఒక ముళ్లకంప అడ్డం పెట్టి, మూటా ముల్లే కట్టుకుని పోతారు. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. వలస అనేది సర్కారు మాట. ఆ మాట చెవిన పడితే చాలు, ఇంట్లో లేనోళ్ల బియ్యం కార్డు కొట్టేస్తారని ఊరికి ఒక భయం. ఎప్పుడో ఎవరిదో కొట్టేశారట. కాబట్టి లెక్కలు రాసేవాళ్ల పుస్తకాల ప్రకారం ఎర్రగుడ్డం జనం ఏడాది పొడుగునా ఇంట్లోనే కాళ్లు బారజాపుకుని కూర్చుంటారు. ఏం తింటారని మాత్రం ఆ పుస్తకాలు అడగలేదు.

ఇలాంటి ఊరికి ధ్రువ అనే ఆర్థిక శాస్త్రవేత్త వచ్చాడు. మంత్రాలయం దగ్గర పంతుళ్ల ఇంటి పిల్లవాడు. తాత మఠంలో సేవ చేసుకున్నాడు, తండ్రి బడిలో లెక్కలు చెప్పాడు, ఈయన ఏకంగా ప్రపంచానికే లెక్కలు చెప్పే చదువు చదివాడు. దేశాలు సుంకాలు తీసేస్తే సరుకు ఎట్లా పారుతుంది, గోడలు తీసేస్తే మనుషులు ఎట్లా పారుతారు, ఎక్కడ ఏ అడ్డంకి వల్ల ఎవరికి ఎంత నష్టం, ఇదీ ఆయన పరిశోధన. సరిహద్దులు లేని ప్రపంచం గురించి ఉపన్యాసం ఇమ్మని ఒక దేశం ఆయన్ను పిలిచింది. పిలిచిన దేశమే వీసా ఇవ్వలేదు. ఆ ఉపన్యాసం ఆయన ఆదోనిలో అద్దెకు తీసుకున్న మేడ మీద కూర్చుని, కంప్యూటరు ముందు, కింద వీధిలో పత్తి బండ్ల హారన్ల మధ్య ఇచ్చాడు.

మనిషి మంచివాడు, అది ముందే చెప్పేస్తున్నాను. ఎవరినీ ఏకవచనంలో పిలవడు, కూలోళ్లను కూడా గారు అంటాడు, ఎండలో తానూ నడుస్తాడు. ఆయనలో ఉన్న లోపం ఒక్కటే, ఒకసారి నియమం పెట్టుకుంటే దాన్ని దేవుడి పటంలా చూసుకుంటాడు.

నిజమైన దేశాల మధ్య గోడలు తీసి చూడాలంటే ఆయన చేతిలో పని కాదు కదా. అందుకని రెండు ఊళ్లను పట్టుకున్నాడు. కప్ప వంకకు ఇవతల ఎర్రగుడ్డం, అవతల కోగిలపాడు. పిలిస్తే పలికే దూరం. ఒకే కులాలు, ఒకే కరువు, ఒకరి ఆడబిడ్డలు ఒకరి ఇళ్లలో. పరిశోధనలో ఇవి రెండు దేశాలట. ఒక దేశంలో వలసకు ఉన్న అడ్డంకులన్నీ తీసేస్తారు. బస్సు ఖర్చులు ఇస్తారు, కూలి ఎగ్గొట్టిన ఆసామిని నిలదీయడానికి ఒక లాయరును పెడతారు, సుగ్గికి పోయినోళ్ల పిల్లలు బడి మానకుండా ఒక హాస్టలు నడుపుతారు. రెండో దేశంలో ఏమీ చేయరు. కొన్నాళ్లకు రెంటినీ పక్కపక్కన నిలబెట్టి తేడా కొలుస్తారు. ఏ ఊరికి ఏ రాత అనేది పదిమంది ముందర బొమ్మా బొరుసూ వేసి తేల్చారు. బొమ్మ కోగిలపాడుకు పడింది.

ఎర్రగుడ్డానికి దక్కిన హోదాను ధ్రువ చాలా గౌరవంగా వివరించాడు. మీది కంట్రోలు ఊరు, మీ ఊరు లేకపోతే ఈ పరిశోధనే లేదు, ప్రపంచం మీకు రుణపడి ఉంటుంది అన్నాడు. కంట్రోలు అంటే చౌక బియ్యం అంగడి అనుకుని ముసలోళ్లు కొందరు సంచులు తీశారు. తరువాత సంగతి తెలిసి మడిచి చంకలో పెట్టుకున్నారు. ఏమీ చేయకుండా వదిలేసిన ఊరు అన్న పేరు ఎర్రగుడ్డానికి కొత్తేమీ కాదు. కాకపోతే ఇన్నాళ్లూ దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కోగిలపాడులో సంబరం మొదలైంది. హాస్టలుకు పాత పంచాయతీ గోదామును సున్నం కొట్టించి, ఎమ్మిగనూరు మగ్గాల దుప్పట్లు తెప్పించారు. సాయంత్రం చదువు చెప్పడానికి ఒక టీచరమ్మ, బడికి తీసుకుపోవడానికి ఒక ఆటో. ఎర్రగుడ్డం జనం వంక గట్టు మీద నిలబడి, పెండ్లికి పిలుపు రాని చుట్టాల్లా చూశారు. ఆ సౌకర్యాలు కారిపోయి ఇవతలికి రాకుండా చూడటానికి కాపలా కూడా పెట్టారు. అటు నుంచి ఇటు ఒక దుప్పటి వచ్చినా లెక్క చెడిపోతుందట. కాపలా ఉద్యోగం కోగిలపాడు తిరుపాలుకు దొరికింది, జయన్నకు వరసకు అల్లుడు. నీలం టోపీ పెట్టుకుని వంకలో తుమ్మచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గోడలు కూల్చే శాస్త్రం ఆ వంకలో మొదట చేసిన పని ఒక గోడ కట్టడం. దానికి ఇటుకలు కూడా పట్టలేదు, ఒక టోపీ సరిపోయింది.

జయన్నకు ఇవన్నీ పట్టేవి కావు. మేస్త్రికి లారీ, ఆసామి, కూలోళ్లు, ఇదే లోకం. కానీ ఆ ఏడు ఆయనకు గొంతులో ముల్లు ఒకటుంది. కూతురు సంతోషి పదో తరగతి.

ముందు పుట్టిన ఇద్దరు పోయాక మిగిలిన ఒక్క బిడ్డ. ఎనిమిదిలో, తొమ్మిదిలో ఆ పిల్ల మూడేసి నెలలు మిరప చేలల్లోనే ఉంది. పైతరగతికి ఎట్లాగో తోసేశారు. పది అట్లా కాదు, పరీక్షలు వచ్చేది సరిగ్గా సుగ్గి కాలంలోనే. వదిలిపోదామంటే ఇంట్లో పెద్దదిక్కు లేదు, వీధికి వీధే ఖాళీ అయ్యే ఊళ్లో వయసొచ్చిన పిల్లను ముళ్లకంప వెనకాల ఎట్లా పెట్టి పోతాడు? తానే ఆగిపోదామంటే మేస్త్రి లేనిదే ముఠా కదలదు. ఈసారి నువ్వు మిరపకాయ ముట్టవు, పరీక్ష రాస్తావు అని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి మాటిచ్చాడు. మాటిచ్చిన రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు.

ఆదోనికి పోయి ధ్రువ మేడ మెట్లెక్కాడు. నా బిడ్డను ఒక్కదాన్ని హాస్టల్లో పెట్టుకో సామీ, ఒక మూల పడుంటుంది, తిండి గింజలు నేనే ఇస్తా అన్నాడు. ధ్రువ కుర్చీ వేసి, టీ తెప్పించి, ఎంతో నొచ్చుకుంటూ కాదన్నాడు. మీ అమ్మాయిని తీసుకుంటే కంట్రోలు ఊరికి సాయం అందినట్టు, రెండు దేశాల మధ్య తేడా చెడిపోతుంది, తేడా చెడితే రేపు లక్షల మంది పిల్లలకు ఇలాంటి హాస్టళ్లు కావాలని ఏ సర్కారుకూ నిరూపించలేము, మీ అమ్మాయిలాంటి వాళ్ల కోసమే మీ అమ్మాయిని కాదనాల్సి వస్తోంది అన్నాడు. చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయట. టీ మాత్రం బాగుందని జయన్న ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చి సంగతి చెప్పి, మొగుడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే, భార్య మారెమ్మ అన్నది.

"అది మన బిడ్డ అయితే కదా ఎర్రగుడ్డం పిల్ల అయ్యేది. దాన్ని కోగిలపాడు రంగమ్మక్కకు అమ్మలేదా మనం?"

జయన్న లేచి కూర్చున్నాడు.

అమ్మిన మాట నిజమే. కడుపున పుట్టిన బిడ్డలు నిలవనప్పుడు ఆ పక్క ఊళ్లలో ఒక ఆచారముంది. పురిటి నీళ్లు పోసిన రోజు బిడ్డను చేటలో వేసి తిప్ప మీద, అంటే పెంటకుప్ప మీద పెడతారు. బిడ్డలు చల్లగా బతికిన ఇంటావిడ దారిన పోయేదానిలా వచ్చి, ఈ బిడ్డను అమ్ముతారా అని అడుగుతుంది. సేరు జొన్నలు కొలిచి పోసి కొనుక్కుంటుంది. ఆ తర్వాత, నా బిడ్డను మీ ఇంట్లో మేపండి అని తల్లి ఒడిలోనే పెట్టి పోతుంది. ఆ ఇంటి మీద కన్నేసిన చావు వచ్చి చూస్తే, అది వేరేవాళ్ల సొత్తు. పెండ్లీడు వచ్చినప్పుడు అదే సేరు జొన్నలు తిరిగి కొలిచి బిడ్డను విడిపించుకోవాలి. సంతోషిని అట్లా కొన్నది రంగమ్మ. ముగ్గురు కొడుకులున్నారు, ఆడబిడ్డ లేదు. ఏటా ఉగాదికి గాజులు తెచ్చి పిల్ల చేతికి వేసి, నా సరుకు బాగుందా అని నవ్వి పోయేది.

మరుసటి రోజు రంగమ్మ, జయన్న, మారెమ్మ ముగ్గురూ మేడ మెట్లెక్కారు. రంగమ్మ గడప దాటీ దాటక ముందే మొదలుపెట్టింది. నా బిడ్డను నేను కొన్నాను, నేను కోగిలపాడుదాన్ని, నా పిల్లకు హాస్టలు ఇయ్యనంటావా, బొమ్మ మా ఊరికే కదా పడింది అని నిలదీసింది. ధ్రువ మొదట నవ్వాడు. తరువాత కథ మొత్తం విన్నాడు. వింటూ వింటూ ఆయన ముఖం వెలిగిపోయింది. కాగితం తీసి గబగబా రాసుకున్నాడు. సరిహద్దు దాటిన అమ్మకం, ధాన్యంతో చెల్లింపు, తిరిగి కొనుక్కునే హక్కు, కాలపరిమితి, ఇంత పక్కా ఒప్పందం పెద్ద పెద్ద దేశాలకే లేదు అన్నాడు. అమ్మకం పరిశోధన మొదలవక ముందే జరిగింది కాబట్టి చెల్లుతుందని తేల్చాడు. రంగమ్మ కొంగు సర్దుకుని, సర్కారు ఉద్యోగం వచ్చినంత దర్జాగా కుర్చీలో వెనక్కి వాలింది.

ఒక్క షరతు, అన్నాడు ధ్రువ. సంతోషి రంగమ్మ ఇంటి మనిషి అయితే నిజంగా అయ్యుండాలి. ఆయన శాస్త్రంలో ఇల్లంటే గోడలు కాదు, పొయ్యి. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్లు ఒక ఇల్లు. కాబట్టి ఆఖరి సర్వే అయ్యేదాకా పిల్ల హాస్టల్లో తినవచ్చు, రంగమ్మ ఇంట తినవచ్చు, మారెమ్మ పొయ్యి మీద వండింది మాత్రం ముద్ద కూడా తినకూడదు. తింటే జయన్న ఇంటి లెక్కలోకి వచ్చేస్తుంది, ఆ రోజే హాస్టలు ఖాళీ చేయాలి. మధ్యలో జొన్నలు కొలిచి విడిపించుకున్నా అంతే.

"చూడొచ్చు, మాట్లాడొచ్చు, మీ ఇంటికి కూడా రావచ్చు అమ్మా," అన్నాడు మారెమ్మతో, ఎంతో దయగా. "తినకుండా ఉంటే చాలు."

మారెమ్మ తలూపింది. మెట్లు దిగాక మొగుడి వైపు తిరిగింది.

"ఇంటికొచ్చిన బిడ్డకు కూడు పెట్టకుండా పంపేదానికి నేనేమన్నా సవతి తల్లినా?" అన్నది. "రావద్దని చెప్పు దానికి. అంతా అయినాంకనే రమ్మను."

ఆ ఏడు లారీ ఎక్కేటప్పుడు జయన్న తలుపుకు ముళ్లకంప పెట్టి, ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. లోపల ఏమీ లేదు, అయినా చూశాడు. గుంటూరు చేలల్లో మిరప ఘాటుకు అందరి కళ్లూ నీళ్లు కారతాయి, అందుకే అక్కడ ఎవరు ఏడుస్తున్నదీ ఎవరికీ తెలియదు. మారెమ్మకు అదొక సుఖం. సాయంత్రం ఫోనులో కూతురి మాట వినపడేది. ఏం తిన్నావు అని తల్లి అడిగేది, అన్నం పప్పు అని పిల్ల చెప్పేది, అంతటితో మారెమ్మ ఫోను మొగుడికి ఇచ్చేసేది.

ఉగాదికి ముఠా తిరిగొచ్చింది. పరీక్షలు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. మారెమ్మ మూట కూడా విప్పకుండా పొయ్యి అలికి, బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. రావద్దన్న నోటితోనే, వంక దాకా వస్తుందా అని అడిగించింది. గిన్నెకు గుడ్డ కట్టుకుని వంక దగ్గరికి పోయింది, వెనకాల జయన్న. వంకలో చుక్క నీరు లేదు. అటు గట్టు మీద సంతోషి నిలబడి ఉంది. నడుమ తిరుపాలు, కుర్చీ, టోపీ.

"మామా, నీకు దండం పెడతా," అన్నాడు తిరుపాలు లేచి నిలబడి. "కూడు తప్ప ఏమన్నా ఇయ్యండి. గాజులియ్యండి, కోకియ్యండి. కూడు దాటితే నా కొలువు పోతాది."

ఈ తిరుపాలు పెండ్లిలో బువ్వంబంతి, అంటే కొత్త జంట కలిసి తినే కూడు, వడ్డించింది మారెమ్మే. నా చేతి కూడు తిన్నోడివి, నా కూడునే ఆపుతావురా అని తిట్టడానికి ఆమె నోరు తెరిచింది. తిట్టు రాకముందే పిల్ల అడ్డం పడింది. సర్వేవాళ్లు టాబ్లెట్ పట్టుకుని వారం వారం వచ్చి, ఏం తిన్నావు, ఎక్కడ తిన్నావు అని అడుగుతారని, అడిగితే తనకు అబద్ధం చెప్పేదానికి రాదని గట్టు మీంచే చెప్పింది. అడిగిన ప్రతివాడికీ అబద్ధం చెప్పి ఊరి బియ్యం కాపాడిన మేస్త్రి జయన్న. ఆ అబద్ధం తప్పితే పోయేది బియ్యం. ఇక్కడ నియమం తప్పితే పోయేది బిడ్డ పరీక్ష. చేతిలోని గిన్నె తీసుకుని భార్యను వెనక్కి తిప్పుకుపోయాడు. ఓళిగలు ఆ సాయంత్రం ఎవరూ తినలేదు. పొద్దున ఎద్దులకు పెట్టారు.

ఉగాది మరునాడు కైరుప్పలలో పిడకల సమరం. ఊరు రెండుగా చీలి ఒకరి మీద ఒకరు పిడకలు రువ్వుకునే పండగ, చుట్టుపక్కల జనమంతా చూడబోతారు. ఎర్రగుడ్డమూ కోగిలపాడూ కూడా పోయాయి, కోగిలపాడు వాళ్ల వెంట సంతోషీ పోయింది. రెండు దేశాలవాళ్లు ఏ నియమమూ లేకుండా పక్కపక్కన నిలబడగలిగిన చోటు ఏదంటే, జనం తన్నుకునే చోటు ఒక్కటే. అక్కడ జయన్నకు ఒక ఉపాయం తట్టింది. జాతరలో అంగడి పొయ్యి ఎవరి ఇంటి పొయ్యీ కాదు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు మూడు పొట్లాలు కట్టించాడు. దుమ్ములో, గోలలో, నెత్తిన పిడకల నుసి పడుతుంటే ముగ్గురూ ఒక అరుగు మీద కూర్చుని తిన్నారు. బజ్జీని తుంచి కూతురి నోట్లో పెట్టేటప్పుడు మారెమ్మ చుట్టూ చూసుకుంది, దొంగతనం చేస్తున్నట్టు. జయన్న జీవితంలో అంత రుచైన బజ్జీ తినలేదని ఇప్పటికీ చెప్తాడు.

ఫలితాలు వచ్చాయి. సంతోషికి మండలంలోనే చెప్పుకునేటన్ని మార్కులు వచ్చాయి. ఇక మిగిలింది ఆఖరి సర్వే. పరిశోధన ముగింపు సభ పెట్టి, అక్కడే రెండు ఊళ్లవాళ్లకు సర్వే కూడా కానిచ్చేద్దామనుకున్నారు. ఆదోనిలో ముహూర్తాల కాలం, మండపాలు దొరక్క సభను ఎమ్మిగనూరుకు మార్చారు. ఆ రోజు పొద్దున్నే మారెమ్మ జొన్నపిండి జల్లించి పెట్టుకుంది. రొట్టెలు, పుంటికూర పప్పు, పిల్లకు ఇష్టమైన చెనక్కాయల పొడి. నువ్వు రా అంటే రానన్నది, నేనొస్తే పొయ్యి ఎవరు చూస్తారు అన్నది. బిడ్డ గడపలోకి వచ్చేసరికి రొట్టె పెనం మీద ఉండాలట. జయన్న సేరు జొన్నలు సంచిలో పోసుకుని బస్సెక్కాడు. సర్వే అయిన మరుక్షణం రంగమ్మకు కొలిచి, బిడ్డను విడిపించుకుని, వెంట తెచ్చుకోవాలని.

మండపంలో మొన్నటి పెండ్లి పూలు ఇంకా వేలాడుతున్నాయి. ధ్రువ ఇప్పటిదాకా వచ్చిన లెక్కలతో తెర మీద గీతలు చూపించాడు. కోగిలపాడు గీత పైకి లేచింది, ఎర్రగుడ్డం గీత నేల మీద పడుకుంది. తేడా చూశారా అని అడిగాడు. ఆ గీత మీద పడుకున్నవాళ్లంతా వెనక వరసల్లో కూర్చుని చూశారు. తరువాత సంతోషిని వేదిక మీదికి పిలిచి, అడ్డంకులు తొలగితే ఏం జరుగుతుందో ఈ అమ్మాయే సాక్ష్యం, కోగిలపాడు రంగమ్మ గారి అమ్మాయి అని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. జయన్న కూడా కొట్టాడు, ఒళ్లో సంచి ఉన్నందువల్ల చప్పుడు రాలేదు.

అప్పుడు ధ్రువ ఆ శుభవార్త చెప్పాడు. పరిశోధన ఇంత బాగా వచ్చినందువల్ల ఇంకా రెండేళ్లు పొడిగించారు. కోగిలపాడు పిల్లలకు ఆదోనిలో ఇంటరు చదువు, హాస్టలు, పుస్తకాలు, అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఎర్రగుడ్డం కూడా ఎప్పటిలాగే తన విలువైన సహకారం అందిస్తుంది. నియమాలు మారవు.

జయన్న సంచి మూతికి కట్టిన తాడు మీద వేలు పెట్టుకుని ఉన్నాడు. విప్పితే బిడ్డ ఈ సాయంత్రం ఇంట్లో రొట్టె తింటుంది. తిని, ఏమీ చేయకూడని ఊరి పిల్ల అవుతుంది, వచ్చే చలికాలం లారీ ఎక్కుతుంది. వేదిక మీద సంతోషి తండ్రి ముఖం చూడటం లేదు, సంచినే చూస్తోంది. వద్దని గానీ విప్పమని గానీ ఆ చూపులో లేదు. పదిహేనేళ్ల పిల్ల ఏమని చెప్తుంది? ఆమె బతకాలని ఒకప్పుడు చావును మోసం చేసి ఉత్తుత్తి అమ్మకం చేశాడు. ఇప్పుడు ఆమె బాగుపడాలంటే ఆ అమ్మకం నిజం కావాలి.

సభ ముగిశాక రంగమ్మ పక్కకు వచ్చి నిలబడింది. కొలుస్తావా జయన్నా అని మెల్లగా అడిగింది. జయన్న తాడు విప్పకుండానే సంచిని ఆమె చేతిలో పెట్టాడు.

"విడిపించుకునేదానికి కాదక్కా. సెలవులకు నీ ఇంటికొచ్చినప్పుడు దీంతో రొట్టెలు చేసి పెట్టు. మా చేలో జొన్నలే. వాళ్లమ్మ రొట్టె మాదిరి పల్చగా చెయ్యి."

"అమ్మినోడే ఎదురిచ్చే బేరం నేను యాడా సూళ్లేదప్పా," అన్నది రంగమ్మ. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సర్వే వరసలో జయన్న వంతు వచ్చింది. తెలిసిన మనిషి అని ధ్రువ తానే టాబ్లెట్ తీసుకుని ఎదురుగా కూర్చున్నాడు. పేరు, ఊరు, ఎద్దులు, పొలం అన్నీ అయ్యాయి. గడిచిన ఏడాదిలో మీ ఇంటి నుంచి ఎవరైనా వలస పోయారా అని చదివాడు. ఎర్రగుడ్డం ఏం చెప్తుందో ఆయనకు తెలుసు. లేదు అన్న గడి మీద వేలు ముందే పెట్టుకున్నాడు.

"ఒకరు పోయినారు సామీ," అన్నాడు జయన్న.

ధ్రువ తలెత్తాడు. ఇన్నాళ్లకు ఆ ఊరి నుంచి ఒక నిజం బయటపడిందని ఆయన ముఖం విప్పారింది. ఎక్కడికి పోయారు, గుంటూరుకా, బెంగళూరుకా అని ఆత్రంగా అడిగాడు.

"వంక అవతలికి."

ధ్రువ వేలు ఆగిపోయింది. తెరను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వెతికాడు. ఆ జవాబు దీంట్లో లేదు జయన్న గారూ, అన్నాడు చివరికి గొంతు తగ్గించి. ఉన్నవి మూడే, వేరే జిల్లా, వేరే రాష్ట్రం, వేరే దేశం.

జయన్నకు ఇంటి దగ్గర పెనం గుర్తొచ్చింది. ఈ పాటికి మారెమ్మ మొదటి రొట్టె తట్టి, వీధివైపు చూస్తూ ఉంటుంది.

"కడపటిది నొక్కు సామీ," అని చెప్పి, ఖాళీ చేతులతో బస్టాండు వైపు నడిచాడు.